లేత్ మేస్త్రీకి సీఎన్‌సీ: బయట కోర్సా, షాపులోనే నేర్పడమా?

లేత్ మేస్త్రీకి సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషీన్, నేర్పడానికి రెండు దారులు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచీ ఉన్న సీఐటీడీ (టూల్ డిజైన్ శిక్షణ సంస్థ) లాంటి చోటికి పంపితే ప్రోగ్రామింగ్ మొదటి నుంచీ వరసగా వస్తుంది. సిమ్యులేటర్ మీద తప్పు చేసినా టూల్ విరగదు. కాకపోతే కోర్సు జరిగే రోజుల్లో షాపులో మెషీన్ దగ్గర మనిషుండడు. చిన్న యూనిట్‌కు అదే పెద్ద టెన్షన్.

షాపులో నేర్పితే పని ఆగదు. ఫానుక్ కంట్రోల్‌లో (సీఎన్‌సీ మెషీన్‌ను నడిపే కంప్యూటర్) ఎక్స్50 అని కొట్టి చివర దశాంశ చుక్క మరిచిపోతే, సెట్టింగ్‌ను బట్టి అది 50 మిల్లీమీటర్లు కాస్తా 50 మైక్రాన్లు (0.05 మిల్లీమీటర్) అయిపోవచ్చు. పక్కన సీనియర్ ఉంటే మెషీన్‌ను కదిలించే సైకిల్ స్టార్ట్ బటన్ నొక్కకముందే పట్టేస్తాడు. చిక్కల్లా అతని ఓపికతోనే. చాలామంది సీనియర్లు ఆఫ్‌సెట్ (టూల్ కొలతల సవరణ) తామే మార్చేసి, "నువ్వు బటన్ నొక్కు చాలు" అంటారు.

ఏళ్ల తరబడి చేత్తో లేత్ నడిపినవాడికి లోహం సంగతి తెలుసు, స్క్రీనే కొత్త. అతనికైతే నా ఓటు షాపుకే. కొత్త కుర్రాడిని మాత్రం ముందు కోర్సుకు పంపండి.