రెండేళ్లు దాటాక చెబుతున్నా: ఫోన్ మంచిదే, ఆ 64 జీబీతోనే వచ్చింది చిక్కంతా

ఎన్ని మెగాపిక్సెళ్లు, స్క్రీన్ ఎన్ని అంగుళాలు అన్నవి అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేదంతా స్టోరేజీ గురించే. ఈ ఫోన్ వల్ల నేను పడ్డ బాధంతా దానివల్లే. కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే నేను కొన్నప్పుడు ఆ ధరలో దొరికే చాలా ఫోన్లలో లోపల ఉన్నది ఇదే సరుకు అని తర్వాత తెలిసింది.

నాది తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, లంగాఓణీలు కుడతాను, చీరలకి ఫాల్, పికో చేస్తాను, మగ్గం వర్క్ మాత్రం బయట చేయిస్తాను. 2023 దసరాకి ఈ ఫోన్ 8,499కి తీసుకున్నాను. అదే మోడల్లో 128 జీబీది 9,999 ఉంది, అంటే తేడా 1,500. పండగ ముందు లైనింగ్ గుడ్డకీ దారాలకీ కట్టాల్సిన డబ్బు ఉంది నాకు. పైగా షాపతను "మీరు వాడేది వాట్సాప్, యూట్యూబే కదా మేడమ్, 64 మీకు మిగిలిపోతుంది" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఆటలు ఆడను, సినిమాలు దించుకోను, ఇంకేం కావాలి అనుకున్నాను.

టైలర్ ఫోన్ ఎలా నిండుతుందో అతనికి తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. ఒక్క జాకెట్ గుడ్డ ఇచ్చి వెళ్లిన కస్టమర్ ఇంటికెళ్లాక పదిహేను డిజైన్లు పంపుతుంది. వెనక మెడ ఇలా, చేతులు అలా, కాదక్కా ఇది బాగుంది చూడండి అని ఇంకో వీడియో, దాని గురించి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్. అవన్నీ ఫోన్లోకి దిగుతాయి. నేను ఆది జాకెట్‌ని టేపు పెట్టి ఫొటో తీస్తాను, అది గ్యాలరీలో ఒకటి. దాన్నే మగ్గం వర్క్ చేసే అబ్బాయికి పంపితే వాట్సాప్ వాళ్ల సెంట్ ఫోల్డర్లో ఇంకోటి పడుతుంది. ఇవి చాలవన్నట్టు వాట్సాప్ రోజూ రాత్రి చాట్లన్నిటికీ ఫోన్లోనే ఒక బ్యాకప్ ఫైలు రాసుకుంటుంది. 64 జీబీ అంటారు గానీ నా ఫోన్లో సిస్టమ్‌కే 17 జీబీ పోయినట్టు చూపించేది.

ఇంకొకటుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "8 జీబీ ర్యామ్" అని రాసి ఉంది. కింద చిన్నగా 4+4 అని ఉంది, అదేమిటో నేను అడగలేదు. ర్యామ్ అంటే తెరిచిన యాప్‌లు నడవడానికి ఫోన్ వాడుకునే జాగా. అసలు ర్యామ్ నాలుగే, మిగతా నాలుగూ స్టోరేజీలోంచి తీసుకుని ర్యామ్ లాగా వాడుకుంటుంది. అంటే ఉన్న కాస్త జాగాలో 4 జీబీ వాళ్లే లాగేసుకుని దాన్ని గొప్పగా డబ్బా మీద వేశారు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేస్తే నాకు 4 జీబీ తిరిగొచ్చింది, ఫోన్ ఏమీ నెమ్మదించలేదు కూడా. ఇది తెలుసుకోవడానికి నాకు పది నెలలు పట్టింది.

2024 ఎండాకాలానికి రోజూ పొద్దున టీ తాగుతూ అరగంట ఫొటోలు తుడపడం నా పనుల్లో ఒకటైపోయింది. గుడ్ మార్నింగ్ బొమ్మలు పోతే బాధ లేదు. కానీ కస్టమర్ల డిజైన్లు దిగడానికి జాగా లేక మా అబ్బాయి స్కూల్లో డాన్స్ చేసిన వీడియోలు తీసేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. మెమరీ కార్డు వేయొచ్చు కదా అంటారు. వేశాను, 64 జీబీది. కెమెరాతో తీసే ఫొటోలు దాంట్లోకి పోతాయి, అంతవరకు మంచిదే. కానీ వాట్సాప్‌లో దిగేవన్నీ ఫోన్ సొంత స్టోరేజీలోనే పడతాయి, మనం కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా కార్డులోకి మార్చుకోవాలి. నాకు నిండేది అక్కడే.

ఇక అసలు సంగతి. 2024లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16, శుక్రవారం వచ్చింది. ఆ వారం మాకు ఊపిరాడదు. మా వీధిలోనే ఉండే పిన్నిగారి కొత్త కోడలికి అది మొదటి వ్రతం. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, గురువారం రాత్రికి గానీ ఊళ్లోకి రాదు. ఆది జాకెట్ లేదు. కొలతలన్నీ తనే టేపుతో తీసుకుని వాయిస్ మెసేజ్‌లో చెప్పింది, మెడ లోతు, చేతి పొడవు, చంక చుట్టు అన్నీ. నేను కాగితం మీద రాసుకోలేదు. ఫోన్ కొన్నప్పటి నుంచీ కొలతల పుస్తకం పక్కన పెట్టేశాను, ఫొటోలూ మెసేజ్‌లూ ఉన్నాయి కదా అన్న ధైర్యంతో. సోమవారం ఆ మెసేజ్ వింటూ ఒళ్లు భాగం కత్తిరించాను, చేతులూ మెడా రేపు చూద్దామని ఆపాను.

మంగళవారం పొద్దున చూస్తే ఫోన్ కంపెనీ బొమ్మ దగ్గర ఆగిపోయి ఉంది. రాత్రి ఏదో అప్‌డేట్ దించుకుని తనంతట తానే ఆఫ్ అయి ఆన్ అయినట్టుంది. బొమ్మ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. మా అబ్బాయి బటన్లు నొక్కిపట్టి ఏవేవో ప్రయత్నించాడు. మధ్యాహ్నానికి ఒళ్లు వేడెక్కి, అలాగే మిణుకుతూ చార్జింగ్ అయిపోయింది.

ఆ రోజు షాపులో ఎలా ఉన్నానో చెప్పలేను. వచ్చినవాళ్లు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు వేసి "పడిందా అక్కా" అంటున్నారు, పడిందో లేదో నాకు తెలిసే దారి లేదు. డబ్బు బ్యాంకులో పడుతూనే ఉంది, అది తర్వాత చూసుకున్నాను, కానీ ఆ పూట తెలియాలి కదా. డబ్బు పడిందని గట్టిగా చెప్పే సౌండ్ బాక్స్ అప్పటికి పెట్టుకోలేదు. సాయంత్రం సిమ్ తీసి మా అబ్బాయి ఫోన్లో వేసి, అందులో పేమెంట్ యాప్ మళ్లీ మొదటినుంచి రిజిస్టర్ చేసేసరికి చీకటి పడింది.

పిన్నిగారింటికి వెళ్లి విషయం చెప్పాను. "ఏవమ్మా, గుడ్డ పాడవలేదు కదా" అని ముందు అదే అడిగారు. ఆ అమ్మాయికి రాత్రి పదింటికి ఫోన్ కలిసింది. పంపిన మెసేజ్ ఆమె దగ్గరా లేదు, జాగా కోసం ఎప్పటికప్పుడు తీసేస్తుందట. మళ్లీ టేపు పెట్టి చెప్పింది. రెండోసారి చెప్పిన చంక చుట్టు నేను సోమవారం కత్తిరించినదానికి సరిపోలేదు, అర అంగుళం తేడా వచ్చింది. ఏది కరెక్టో ఇద్దరికీ తెలియదు.

బుధవారం షాపు మా తోటికోడలికి అప్పజెప్పి గుంటూరు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. టోకెన్ తీసుకుని రెండున్నర గంటలు కూర్చున్నాక "సాఫ్ట్‌వేర్ వేయాలి, లోపలున్న డేటా అంతా పోతుంది, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. డేటా తీసి ఇవ్వలేరా అని ఎన్ని రకాలుగా అడిగినా కుదరదన్నారు. రేపు రమ్మంటారేమో అనుకుంటే రేపు ఆగస్టు 15, సెలవు. శుక్రవారం వ్రతం, నేను రాలేను. సంతకం పెట్టకుండానే బయటికొచ్చేశాను.

బయట ఒక చిన్న రిపేరు షాపులో కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు, నాకు ఈ ఫోన్ గురించి ఏమైనా తెలిసిందంటే అతని వల్లే. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపలి డేటాకి తాళం వేసినట్టు ఉంటుందట, మెమరీ చిప్ ఊడదీసి ఇంకోచోట పెట్టినా చదవడం కుదరదట. నా ఫోన్లో ఉన్న మెమరీ ఈఎంఎంసీ రకం అన్నాడు. అది రాస్తున్నప్పుడు చదవలేదు, చదువుతున్నప్పుడు రాయలేదు. షాపులో ఇద్దరు పనివాళ్లకి కలిపి ఒక్క కత్తెరే ఉంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. యూఎఫ్ఎస్ అనే రకంలో రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి, వేగం కూడా చాలా ఎక్కువ. ఏ రకమైనా నిండిపోయేకొద్దీ నెమ్మదిస్తుంది గానీ, ఈఎంఎంసీ ఇంకా తొందరగా మొరాయిస్తుందట. "మీది గొంతుదాకా నింపేశారక్కా, అప్‌డేట్ విప్పుకోడానికి కూడా చోటు ఉండి ఉండదు" అన్నాడు. నా ఫోన్ ఆగిపోవడానికి కారణం కచ్చితంగా అదేనని అతను కూడా ప్రమాణం చేయలేదు, నేనూ చేయను. కానీ అంతకుముందు మూడు వారాలుగా స్టోరేజీ నిండిందన్న మెసేజ్ రోజూ వస్తూనే ఉంది.

గూగుల్‌లో బ్యాకప్ లేదా అంటే, వాళ్లు నాకు ఉచితంగా ఇచ్చిన 15 జీబీ ఎప్పుడో నిండింది. వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఆ పదిహేనులోకే లెక్కేస్తున్నారు కదా, అలా మార్చి నుంచి నా బ్యాకప్ ఆగిపోయి ఉంది. పని హడావిడిలో ఆ మెసేజ్‌ని పక్కకి తోసేస్తూ వచ్చాను. చివరికి ఆ కుర్రాడి చేతే 350 ఇచ్చి సాఫ్ట్‌వేర్ వేయించుకుని ఇంటికొచ్చాను. కార్డులోకి పోయినవి తప్ప, దాదాపు పది నెలల కొలతల ఫొటోలు, డిజైన్లు, ఎవరికి ఎప్పుడు ఇస్తానన్నానో రాసిన మెసేజ్‌లు, అన్నీ పోయాయి.

జాకెట్ గురువారం రాత్రి పన్నెండుకి పూర్తిచేశాను. శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి వేసుకుంటే ఎడమ చంక దగ్గర బిగిసింది. విప్పి కుట్టే టైము లేదు, పూజకి కూర్చోవాలి. పర్లేదక్కా అని నవ్వుతూ అలాగే కూర్చుంది. నేను కుట్టుకూలి తీసుకోలేదు. పిన్నిగారు వాయనం ఇచ్చి పంపారు గానీ నాకు మనసు మనసులో లేదు. మొదటి వ్రతం ఫొటోలు ఆ పిల్లకి జీవితాంతం ఉంటాయి, ఆ జాకెట్ నేను కుట్టింది.

ఇంత రాశాక ఫోన్ పనికిమాలినదని చెప్పాలి, కానీ అలా చెప్పలేను. అన్నీ తుడిచి మళ్లీ మొదలుపెట్టాక కొత్త ఫోన్ లాగే పరిగెత్తింది, ఇప్పటికీ ఇదే వాడుతున్నాను. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవి దిగకుండా ఆపేశాను, కావాల్సింది మాత్రమే నొక్కి దించుకుంటాను. ఎప్పుడూ పది జీబీ ఖాళీ ఉండేలా చూసుకుంటాను, ఐదు కిందికి పోతే కీబోర్డు రావడానికి కూడా ఆలస్యమవుతుంది. కొలతలు మళ్లీ పొడుగాటి పుస్తకంలో రాస్తున్నాను.

కొన్న కొత్తలో నేను అందరికీ చెప్పింది బ్యాటరీ గురించి. రెండు రోజులు వస్తుందని గొప్పగా చెప్పేదాన్ని. అప్పుడు నిజంగానే వచ్చేది. ఇప్పుడు పొద్దున నింపితే షాపు మూసేదాకా వస్తుంది, అంతే, మళ్లీ నిండడానికి దాదాపు మూడు గంటలు. ఈ ధరకి అది కూడా ఎక్కువే అనుకుంటాను. కెమెరా బాగుందని చెప్పి మా తోటికోడలి చేత కూడా ఇదే కొనిపించాను, ఆ మాట మాత్రం కొంచెం సవరించుకోవాలి. ఎండలో మనుషుల ఫొటోలు బాగా వస్తాయి. ట్యూబ్‌లైట్ కింద గుడ్డ ఫొటో తీస్తే మెరూన్ ఎరుపైపోతుంది, బాటిల్ గ్రీన్ నల్లగా వస్తుంది. ఆ ఫొటో చూపించి లైనింగ్ తెప్పించుకుంటే రెండుసార్లు వెనక్కి పంపాల్సి వచ్చింది. ఇప్పుడు గుడ్డ ముక్కే ఇచ్చి పంపుతున్నాను.

మా అత్తయ్యలాంటివాళ్లకైతే ఈ ఫోన్ హాయిగా సరిపోతుంది. పొద్దున యూట్యూబ్‌లో సుప్రభాతం, సాయంత్రం మనవళ్లతో వీడియో కాల్, అంతకుమించి వాడరు కాబట్టి 64 జీబీ నిండడానికి ఏళ్లు పడుతుంది. తక్కువ ధర ఫోన్ కొనడం తప్పని కూడా నేను అనను. 20,000 ఫోన్ కొనగలిగితే నేనే కొనేదాన్ని, నాకు ముందు మోటారు మిషను కావాలి. కానీ ఫోన్ మీద పని చేసుకునేవాళ్లు, ఫొటోలూ వీడియోలూ రోజూ వచ్చిపడేవాళ్లు, టైలర్లు, బ్యూటీ పార్లర్‌వాళ్లు, చీరలు అమ్మేవాళ్లు, 64 జీబీది ఎంత చౌకగా వచ్చినా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 128 అడగండి, అందులో మెమరీ ఏ రకమో కూడా అడగండి. డబ్బా మీద సాధారణంగా అది రాయరు, ఆన్‌లైన్‌లో ఆ మోడల్ వివరాల్లో వెతికితే దొరుకుతుంది. నాలాగా 15 జీబీ నిండేదాకా చూడకుండా ఉండేవాళ్లయితే 128 కూడా ఒక ఏడాదికి నిండొచ్చు, అది మీ వాడకాన్ని బట్టి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా తోటికోడలి కూతురు. డిగ్రీలో చేరింది, తన దగ్గర తొమ్మిది వేలు ఉన్నాయట, ఏది తీసుకోను పెద్దమ్మా అని అడిగింది. తను చూపించినదాంట్లోనూ 64కీ 128కీ తేడా 1,500 రూపాయలే ఉంది. ఆదివారం ఇద్దరం కలిసి షాపుకి వెళ్తున్నాం, ఆ తేడా డబ్బు నేను వేస్తానని చెప్పాను.