పాత తెరచాప పడవ కొని, నడుపుకుంటూ ఇంటికి తెచ్చుకుని, ఏళ్లు వాడాక

ముందే తీర్పు చెప్పేస్తాను. పడవ మంచిది. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. కాకపోతే కొన్న రేటుకు దాదాపు సమానంగా మళ్లీ దాని మీద ఖర్చుపెట్టాక చెబుతున్న మాట ఇది.

33 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్లూప్, 1980లలో తయారైంది. ఒకటే మాస్ట్, ముందు చుట్టిపెట్టుకునే పెద్ద తెరచాప జెనోవా, వెనక మెయిన్ సెయిల్, కింద చిన్న డీజిల్ ఇంజన్. అమ్మినాయన రేవు నుంచి మా రేవుకు లారీ మీద కాకుండా సముద్రం మీదే తెచ్చుకున్నాం, నేనూ నా స్నేహితుడూ. ఆ ప్రయాణంలో బయటపడ్డ లోపాలనూ, తర్వాత ఇన్నేళ్ల వాడకంలో తేలినవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. పడవ తన జబ్బులన్నీ మొదటి ప్రయాణంలోనే చెప్పేసింది.

కొనేముందు సర్వేయర్‌తో చూపించాను. ఎవరైనా చూపించాల్సిందే. పడవను నీళ్లలోంచి పైకి తీసి, హల్ (పడవ ఒళ్లు) అంతా సుత్తితో తట్టి, తేమ మీటరు పెట్టి, కీల్ (అడుగున ఉండే బరువైన రెక్క) బోల్టులు చూసి, చుక్కాని పట్టుకుని ఊపి ఎంత లూజుందో రాసిచ్చాడు. బేరమాడటానికి ఆ కాగితం బాగా పనికొచ్చింది. కానీ సర్వే చెప్పేదంతా నిలబడి ఉన్న పడవ గురించే. ట్యాంకు విప్పరు, డెక్ లోపల దాగిన స్టీలు పట్టీలు బయటికి తీయరు. ఆ మాట రిపోర్టులోనే ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ట్రయల్ కూడా అంతంతమాత్రమే: రేవు దాటి, మంచి వాతావరణంలో ఒకటి రెండు గంటలు. పడవ పూటంతా ఒక పక్కకి ఒరిగి, కెరటం మీంచి దబ్బుదబ్బున పడుతూ పోతున్నప్పుడు వచ్చే తిప్పలు అందులో కనపడవు.

వాటిలో మొదటిది డీజిల్. పాత పడవ కొనేవాళ్లు ఈ సమీక్షలో ఒక్క పేరానే చదువుతామంటే ఇదే చదవండి. అమ్మకానికి పెట్టిన పడవ నెలల తరబడి కదలకుండా పడి ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి తేమ నీటి బొట్లుగా మారుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురులా తయారవుతాయి. రేవులో ఉన్నంతకాలం అది అడుగునే పడి ఉంటుంది, ఇంజన్ పైపైన ఉన్న శుభ్రమైన డీజిల్ తాగుతూ చక్కగా తిరుగుతుంది. అలలు మొదలయ్యాక మడ్డి అంతా పైకి లేచి నేరుగా ఫిల్టర్లోకి పోతుంది. అంటే ఇంజన్ అవసరం నిజంగా పడే చోటే ఆగిపోతుందన్నమాట.

మాకూ అదే జరిగింది. గాలి పడిపోయింది, అలలు మాత్రం తగ్గలేదు. ఇంజన్ మీద పోతున్నాం. శబ్దం కొద్దిగా తగ్గింది, మళ్లీ పెరిగింది, ఇంకోసారి తగ్గింది. ఎవరో యాక్సిలరేటర్ తీసి వేస్తున్నట్టు. ఫిల్టర్ కింద గాజు గిన్నెలో డీజిల్ ఉండాల్సిన రంగులో లేదు, డికాషన్‌లా ఉంది. మార్చడం పెద్ద పనేం కాదు: వాల్వు మూసి, పాతది తీసి, కొత్తది బిగించి, లోపల చేరిన గాలిని బయటికి తోలాలి. దాని తర్వాత ఉండే రెండో ఫిల్టర్ మీదున్న చిన్న స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు లివర్‌ని బొటనవేలితో ఆడిస్తూ ఉంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించాలి. ఇదంతా రేవులో పది నిమిషాల పని. ఊగుతున్న పడవలో, తల కిందికి పెట్టి, వేడి ఇంజన్ పక్కన, డీజిల్ వాసనలో చేస్తే మాత్రం వాంతి రానివాడు లేడు. స్నేహితుడు పైన చుక్కాని పట్టుకుని "ఒరేయ్, బతికే ఉన్నావా?" అని మధ్యమధ్యలో అరుస్తూనే ఉన్నాడు. అలాంటి ఫిల్టర్లు దారిలో ఒకటి కాదు, వరసగా నిండిపోయాయి. అందుకే కొత్త ఓనర్ ఎవరైనా డబ్బాడు ఫిల్టర్లు పెట్టుకునే బయల్దేరాలి, బయల్దేరే ముందే రేవులో ఓసారి మార్చి చూసుకోవాలి.

ఇంటికొచ్చాక ట్యాంకు మీద చెయ్యి పట్టేంత మూత కోయించి, లోపల గోడలు గీకించి కడిగించాం. మొదటి ఫిల్టర్ తర్వాత చిన్న వాక్యూమ్ గేజ్ పెట్టించాను. ఫిల్టర్ మూసుకుపోతుంటే ముల్లు ముందే కదులుతుంది. ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చులన్నిటిలో పైసా పైసాకీ న్యాయం చేసింది ఇదే. శీతాకాలం ట్యాంకు నిండా ఉంచుతాను. ఆ తర్వాత ఇంజన్ ఇంధనం వల్ల ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంజన్ విషయంలో ఇంకొక్కటి. స్టార్ట్ చేసిన ప్రతిసారీ పడవ వెనక అంచు మీంచి వంగి పొగగొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూడటం అలవాటు చేసుకోండి. ఇంజన్‌ని చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లాగే పంపులో ఉండేది రబ్బరు ఇంపెల్లర్, అంటే రెక్కల చక్రం. నీళ్లు లేకుండా కాసేపు తిరిగితే చాలు, రెక్కలు తెగిపోతాయి. తెగిన ముక్కలు హీట్ ఎక్స్‌చేంజర్ మూతి దగ్గర ఇరుక్కుంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గకపోతే కారణం అదే. రెక్కలు లెక్కపెట్టి, తక్కువైన ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి.

పడవలోకి నీళ్లు రావడం గురించి. రెండో పూట బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీళ్లు తోడేది) దానంతటదే ఆన్ అయింది. టెన్షన్ పడే ముందు చేయాల్సింది ఒకటుంది: వేలు ముంచి నాలుక్కి రాసుకోవడం. చప్పగా ఉంటే మంచినీళ్ల ట్యాంకు కారుతోంది, దాహం తప్ప వేరే ప్రమాదం లేదు. ఉప్పగా ఉంటే వెతకాలి. మాది ఉప్పగానే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి పోయే చోట ఉండే పాతకాలపు స్టఫింగ్ బాక్స్ వదులైంది. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారడం దాని ధర్మం, ఆ తడే దాన్ని చల్లగా ఉంచుతుంది. ధార కడితే నట్టు కొద్దిగా బిగించాలి. అసలు కారకుండా బిగించేస్తే వేడెక్కి షాఫ్టే అరిగిపోతుంది. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చన దాటకూడదు. ఇప్పటికీ అదే స్టఫింగ్ బాక్స్ వాడుతున్నాను. లోపలి నార ప్యాకింగ్ అప్పుడప్పుడూ మారుస్తున్నా. కారని కొత్తరకం సీళ్లు మంచివే, కానీ చేత్తో సర్దుకోగలిగిన వస్తువు మీద నాకు నమ్మకం ఎక్కువ.

హల్‌కున్న రంధ్రాల వాల్వులన్నీ బయల్దేరే ముందే తెరిచి మూసి చూశాం. ఒకటి బిగుసుకుపోయి ఉంది. అలాంటిదాన్ని బలంగా తిప్పితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది, అందుకని పడవ పైకి తీసినప్పుడు మార్చుకుందామని దాన్ని వదిలేశాం. ప్రతి వాల్వు పక్కనా మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచాం. చవకైన ఇన్సూరెన్స్.

స్టాండింగ్ రిగ్గింగ్, అంటే మాస్ట్‌ని నిలబెట్టే స్టీలు తీగలు. వాటి వయసెంతో అమ్మినాయనకే తెలీదు. మామూలుగా పది పదిహేనేళ్లకు మార్చాలంటారు, చాలా ఇన్సూరెన్స్ కంపెనీలూ అదే అడుగుతాయి. తీగల చివర ప్రెస్ చేసిన ఫిట్టింగుల చుట్టూ టిష్యూ కాగితం తిప్పితే తెగిన పోగు ఏదైనా ఉంటే పట్టుకుంటుంది. తీగలు పైకి బాగానే కనిపించాయి. అసలు గుట్టు చెయిన్‌ప్లేట్లలో ఉంది. ఆ తీగల బలమంతా హల్‌కి అందించే స్టీలు పట్టీలివి, డెక్ గుండా లోపలికి పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండాలంటే దానికి గాలి తగలాలి. డెక్‌లో ఇరుక్కున్న భాగానికి తడి ఉంటుంది, గాలి ఉండదు. ప్రయాణంలో కుడివైపు అలమర లోపల గోధుమరంగు చార ఒకటి కనపడింది. తర్వాత ఆ పట్టీ బయటికి తీస్తే పైన పటారం లోన లొటారం: కంటికి కనిపించే భాగం అద్దంలా మెరుస్తోంది, డెక్ మందంలో ఉన్న భాగం గోరు పట్టేంత లోతుగా తినేసి ఉంది. తీగలతో పాటు పట్టీలన్నీ మార్చాం. మొత్తంలో పెద్ద ఖర్చు ఇదే. పాత పడవ కొంటే ఈ డబ్బు మొదటి రోజే పక్కన పెట్టుకోండి.

ప్లాన్ దగ్గరికొస్తే, ఎక్కువమంది దెబ్బతినేది వేగం లెక్కలోనే. మా పడవ నీటి మట్టం దగ్గర పొడవు 27 అడుగులు. దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే సుమారు 7 నాట్లు (గంటకు 7 నాటికల్ మైళ్లు), అదీ కాగితం మీద గరిష్ఠ వేగం. సగటున 5 అనుకోవడం మంచిది, అంటే 24 గంటలకు 120 నాటికల్ మైళ్లు. ఎదురుగాలి వస్తే అదీ ఉండదు. గాలికి 45 డిగ్రీల కోణంలో అటూ ఇటూ తిరుగుతూ పోవాలి కాబట్టి 100 మైళ్ల దారి 140 దాటుతుంది. మేం మొదటి అంచెను ఒక్క పగటిపూటలో అయిపోయేలా పెట్టుకున్నాం, ప్రతి అంచెకీ మధ్యలో దూరిపోవడానికి ఇంకో రేవు గుర్తుపెట్టుకున్నాం. సోమవారం ఆఫీసుకి పోవాలి అనే మాట పడవలో ఉండకూడదు. ఒకచోట గాలి మారేదాకా రేవులోనే కూర్చున్నాం. ఆ ఖాళీలోనే సగం రిపేర్లు అయ్యాయి.

తెరచాపల గురించి క్లుప్తంగా. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 నాట్ల గాలి 20 అయితే తోపుడు నాలుగింతలు. అందుకే రీఫ్ వేద్దామా (తెరచాప కొంత మడిచి చిన్నది చేద్దామా) అన్న ఆలోచన వచ్చిన మరుక్షణమే వేసేయాలి, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్నట్టు. కొత్త పడవలో ఏ తాడు ఎటు పోతుందో చీకట్లో వెతుక్కోవడం నరకం. అందుకని రేవులోనే, గాలి లేనప్పుడు, రెండు రీఫులూ వేసి తీసి చూశాం. పాత డాక్రాన్ గుడ్డ గట్టిదే, ఎండకు ముందు చచ్చేది కుట్టుదారం. జెనోవా అంచు కుట్టు మేం చూస్తుండగానే విడిపోయింది. సెయిల్ రిపేర్ టేపుతో ఇంటిదాకా లాగించాం. తర్వాత కేవలం కుట్టు వేయిస్తే అదే గుడ్డ ఇంకా చాలా సీజన్లు పనిచేసింది. కొత్త సెయిల్స్ కొనమని తొందరపెట్టినవాళ్లు అప్పుడు చాలామందే ఉన్నారు.

కరెంటు సంగతీ అంతే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ లోడూ లేకుండా కాసేపు ఆగాక 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం అయిపోయినట్టు. సగం కంటే కిందికి లాగితే దాని ఆయుష్షు తరుగుతుంది. కెరటాల్లో ఆటోపైలట్ తాగే కరెంటు చూసి నోరెళ్లబెట్టాం. సెయిల్స్ సరిగ్గా సర్ది చుక్కాని మీద బరువు తగ్గిస్తే ఆ తాగుడూ తగ్గుతుంది. తర్వాత బ్యాటరీలు, కరెంటు వైర్లు మార్చాను. మాస్ట్ పైన పెట్టే మూడు రంగుల ఎల్‌ఈడీ దీపం వేయించాను. అది సెయిల్స్ మీద పోతున్నప్పుడు మాత్రమే వాడాలి. ఇంజన్ ఆన్ చేస్తే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కింది దీపాలకు మారాలి, లేకపోతే ఎదురొచ్చే ఓడకు మనం ఏ రకం పడవో తప్పుగా అర్థమవుతుంది.

రాత్రుళ్లు మూడేసి గంటల వంతు. చీకటి పడ్డాక కాక్‌పిట్‌లో (చుక్కాని పట్టేవాడు కూర్చునే గుంటలో) ఉన్నవాడు టెదర్ (ఒంటిని పడవకు కట్టే తాడు) లేకుండా ఉండకూడదు, రెండోవాణ్ణి లేపకుండా డెక్ మీదికి పోకూడదు. ఈ ఒక్క రూల్ మీద మాత్రం మా ఇద్దరికీ వాదన రాలేదు.

కాగితాల్లో అందరూ మరిచిపోయేది ఈపిర్బ్, అంటే ప్రమాదంలో సాయం కోరే సంకేత పరికరం. 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఉపగ్రహానికి సంకేతం పంపితే రక్షణ సిబ్బంది ముందు ఫోన్ చేసేది రిజిస్టర్లో ఉన్నవాళ్లకే. పాత ఓనర్ పేరుండిపోతే ఆయన సోఫాలో కూర్చుని "నేను బాగానే ఉన్నానే" అంటాడు. బయల్దేరకముందే మీ పేరు మీదికి మార్పించుకోండి, బ్యాటరీ గడువు తేదీ కూడా చూడండి.

కొనేటప్పుడు మురిసిపోయి, తర్వాత దేనికీ పనికిరానివి: పెద్ద స్క్రీన్ చార్ట్‌ప్లాటర్, కొత్త కుషన్లు, మెరిసే టేకు. పట్టించుకోకపోయినా రోజూ ఆదుకున్నవి: లోతైన కాక్‌పిట్, ఒరిగినప్పుడు కూడా కిందపడకుండా పడుకోగలిగిన ఇరుకు బంకు, నిచ్చెన తీస్తే నాలుగు వైపులా చెయ్యి అందే ఇంజన్ గది. ఈ చివరిది లేని పడవ ఎంత అందంగా ఉన్నా నేను కొనను.

నచ్చనివీ ఉన్నాయి. రివర్స్ గేరులో వెనక భాగం ఎడమకే లాగుతుంది, ఇరుకు మెరీనాలో ఇప్పటికీ చెమటలు పడతాయి. గాలి వచ్చే దిశకు మరీ దగ్గరగా పోదు. ఇంజన్, తీగలు అంటే భయం లేని వాళ్లకి ఈ వయసు పడవ బాగా సరిపోతుంది. ప్రతి చిన్న పనికీ మెకానిక్‌ని పిలిచేవాళ్లు మాత్రం అదే డబ్బుకి ఇంకో నాలుగడుగులు చిన్నదీ, కొంచెం కొత్తదీ చూసుకోవడం నయం. ఈసారి పైకి తీసినప్పుడు చుక్కాని బేరింగులూ, కిటికీల సీలెంటూ మార్పించాలి. సర్వేయర్ రాసిచ్చిన లిస్టులో ఇక మిగిలినవి ఆ రెండే.