మారుతి 800కి చవక రేడియేటర్: నాలుగేళ్లు వాడాక

రేడియేటర్ కొనడానికి వెళ్తే అందరూ ముందు కోర్ చూస్తారు, అంటే ఇంజన్ నీళ్లు చల్లారే ట్యూబుల పలక. ఎంత మందం, ట్యూబుల మధ్య మడతలు, అంటే ఫిన్నులు, ఎంత దగ్గరగా ఉన్నాయి, చేత్తో ఎత్తితే ఎంత బరువుంది. 2021 నవంబర్‌లో నేనూ అవే చూసుకుని కొన్నాను. ఇవాళ నన్నెవరైనా అడిగితే మాత్రం ముందు మూత తీసి ఆ గొంతులోకి వేలు పెట్టి తడమమంటాను. మూత అడుగు రబ్బరు ఆనుకునే అంచు ఒకటి లోపల ఉంటుంది, రూపాయి బిళ్ల చుట్టు అంత. నాలుగేళ్లలో నేను పడ్డ కష్టమూ, తర్వాత పొందిన సుఖమూ రెండూ ఆ అంచు దగ్గరే ఉన్నాయి.

బండి మారుతి 800, 1998 మోడల్, కార్బురేటర్‌ది, ఏసీ ఉంది. మా నాన్నగారు కొన్నారు. ఆయన పోయాక అమ్మేయమని చాలామంది చెప్పారు. నేను అమ్మలేదు, అమ్మను. కాబట్టి ఈ బండి విలువెంత, దీనికి ఇంత పెట్టాలా అనే లెక్క నాకు లేదు. చేతిలో డబ్బెంత ఉందన్న లెక్క మాత్రం ఉంది. ఆ నెలలోనే పిల్లల ఫీజులు కట్టాం.

పాత రేడియేటర్ రాగి కోర్, ఇత్తడి ట్యాంకులు. ఇరవై మూడేళ్లు నడిచింది. మధ్యలో రెండుసార్లు టంకం పెట్టించాం. మా విజయవాడ పటమట బోరు నీళ్లు గిన్నెల మీదే తెల్లగా పొర కడతాయి. ఏళ్ల తరబడి అవే నీళ్లు పోశాం. విప్పి చూస్తే సగం ట్యూబుల్లోకి తీగ దిగలేదు. ఆటోనగర్‌లో కొత్త రాగి కోర్ వేయడానికి 4,500 అడిగారు. కంపెనీ డబ్బాలో వచ్చే అల్యూమినియంది అంతకంటే కాస్త తక్కువ. పక్క షాపులో, ఢిల్లీ కాశ్మీరీ గేట్ నుంచి వచ్చే సరుకు, అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు, 1,850. పాతదాని రాగీ ఇత్తడీ తూకానికి వేస్తే 1,200 వచ్చాయి. అంటే నా జేబులోంచి పోయింది 650 రూపాయలు. డబ్బా మీది పేరు రాయడం లేదు. అదే పేరున్న రెండు డబ్బాల్లో రెండు రకాల సరుకు నేనే చూశాను, పేరు పట్టుకుని కొంటే ఉపయోగం ఉండదు.

అల్యూమినియం అంటే నాకు మొదట్లో నమ్మకం లేదు. రాగి వేడిని అల్యూమినియం కంటే ఒకటిన్నర రెట్లకు పైగా లాగుతుందని చదివాను, అది నిజమే. కానీ రాగి రేడియేటర్లో ట్యూబుకీ ఫిన్నుకీ మధ్య సీసం, తగరం కలిపిన టంకం ఉంటుంది. అది వేడిని అంత తేలిగ్గా దాటనివ్వదు. అల్యూమినియం తేలిక, చవక కాబట్టి ట్యూబులు వెడల్పుగా చేస్తారు, ఫిన్నులకు ఎక్కువ మేర ఆనుతాయి. అందుకే మొత్తం మీద రాగికి ఏమీ తీసిపోదు. బిగించాక బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని రెండు సిగ్నళ్లు నిలబడ్డా ఇంజన్ వేడి చూపే ముల్లు సగం దాటలేదు. మా తమ్ముడికీ, ఆఫీసులో ఇద్దరికీ పిలిచి మరీ చెప్పాను, సగం ధరకే బ్రహ్మాండమైన వస్తువు దొరికిందని. అది డిసెంబర్ నెల అన్న సంగతి అప్పుడు ఆలోచించలేదు.

ఇంకొకటి కూడా గమనించి వదిలేశాను. మూడు వారాలకోసారి మూత తీస్తే లోపల కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేలెడు కిందికి దిగి ఉండేది. పోసి మూసేసేవాణ్ణి. పాతది కారుతూ ఉండేది కాబట్టి పోయడం అలవాటైపోయింది. కింద నేల మీద చుక్క కూడా కనపడేది కాదు.

2022 ఏప్రిల్ చివర్లో అమ్మ శ్రీశైలం వెళ్దామంది. అమ్మ, మా ఆవిడ, నేను. గుంటూరు, వినుకొండ మీదుగా దోర్నాల చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. రాత్రి 9 దాటితే అడవి గేటు వేసేస్తారు కాబట్టి ఆగకుండా ఘాట్ ఎక్కించాను. అమ్మకి ఉక్క పడదని ఏసీ వేసే ఉంచాను. తుమ్మలబైలు ఇంకా రాలేదు. సెకండ్ గేర్లో మలుపులు ఎక్కుతుంటే ముల్లు సగం దాటింది. ఏసీ ఆపాను. ఇంకా పైకి పోయింది. అద్దాలన్నీ దించి హీటర్ పూర్తిగా తిప్పాను, ఆ వేడి కొంత లోపలికి లాగేస్తుందని. రెండు మలుపులు ఆగింది, తర్వాత ఎర్ర గీతకి చేరింది. పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను.

బానెట్ ఎత్తితే తియ్యటి కూలెంట్ వాసన. ఎక్కడా గొట్టం పగల్లేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రేడియేటర్లోంచి పొంగింది చేరే రిజర్వ్ బాటిల్ మాత్రం మూత దాకా నిండి లోపల బుడబుడమంటోంది. బాటిల్లో అంత కూలెంట్ ఉంది కాబట్టి రేడియేటర్లో కూడా ఉండే ఉంటుంది అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. మూత ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. గంట ఆగాం. రోడ్డు పక్క కోతులు చుట్టూ చేరాయి, మా ఆవిడ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని అద్దాలు ఎత్తుకుని కూర్చుంది. అమ్మ ఒక్క మాట అనలేదు. "నాన్న ఉంటే ఏం చేసేవారో అదే చెయ్యి నాన్నా" అంది, అంతే.

గంట తర్వాత తడిగుడ్డ వేసి మూత తిప్పాను. మామూలుగా వచ్చే 'స్స్' అన్న చప్పుడు రాలేదు. లోపల చూస్తే ట్యూబుల తలలు ఎండిపోయి కనిపిస్తున్నాయి. బాటిల్ నిండుగా ఉంది, రేడియేటర్ ఖాళీ. తాగడానికి తెచ్చుకున్న రెండు లీటర్ల నీళ్లూ పోశాను. నెమ్మదిగా పోనిచ్చి ఎనిమిదిన్నరకి శ్రీశైలం చేరాం. మర్నాడు తెల్లవారుజామునే దర్శనం చేసుకుని, ఏసీ జోలికి పోకుండా, గంటకోసారి ఆపుకుంటూ ఇంటికొచ్చాం.

మొదట చూపించిన మెకానిక్ పది నిమిషాల్లో తేల్చేశాడు, హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పైభాగానికీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు, పోయిందని. హెడ్ దించి, అడుగు చదును చేయించి, గాస్కెట్ వేసి, అన్నీ కలిపి 9,000. అలా కాదంటే థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్లోకి వదలనిది) పీకేద్దాం, నీళ్లు ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి అన్నాడు. ఆ రెండోది నేను ఎప్పటికీ ఒప్పుకోను. వాల్వ్ లేకపోతే ఇంజన్ వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, చలికాలం పెట్రోలు తాగేస్తుంది. మొదటిది మాత్రం భయపెట్టింది. కానీ డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది, టీ రంగుకి తిరగలేదు. సైలెన్సర్లోంచి తెల్ల పొగ లేదు. మూత తీసి ఇంజన్ నడిపితే బుడగలు రాలేదు. గాస్కెట్ పోతే కనిపించే ఈ మూడింట్లో ఒక్కటీ లేనప్పుడు హెడ్ దించడానికి మనసొప్పలేదు.

ఆటోనగర్‌లో పాత రాగి రేడియేటర్లకి టంకం పెట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మా నాన్నగారు ఆయన దగ్గరే చేయించేవారు. "బాబాయ్ గారూ, గాస్కెట్ అంటున్నారు, నిజమా?" అన్నాను. ఆయన ఏమీ అనకుండా చేతి పంపు తెచ్చి గొంతుకి బిగించాడు. సైకిల్ పంపులాగే ఉంటుంది, పైన ఒత్తిడి చూపే మీటర్. కొట్టాడు. ముల్లు 0.9 దాకా లేచి మెల్లగా పడిపోయింది. కింద ఎక్కడా తడి లేదు. బాటిల్‌కి వెళ్లే సన్న పైపు చివర పట్టుకుని చూపించాడు, అందులోంచి చుక్కలు. పంపు తీసేసి, గొంతులోపల గుడ్డతో తుడిచి, "ఇక్కడ గోరు పెట్టి తిప్పు అబ్బాయ్" అన్నాడు.

తిప్పాను. ఒకచోట గోరు ఆగింది. ఇంకో సగం చుట్టు తిరిగాక ఎదురుగా మళ్లీ ఆగింది. వెంట్రుకంత మందం గీత. ప్లాస్టిక్ ట్యాంకు పోతపోసినప్పుడు అచ్చు రెండు ముక్కలు కలిసినచోట మిగిలిపోయిన గీత అది. బయట ఎక్కడున్నా ఫరవాలేదు. సరిగ్గా మూత రబ్బరు ఆనేచోట ఉంది.

అక్కడ ఏం జరుగుతోందో ఆయన చెప్పాకే నాకు పూర్తిగా అర్థమైంది. మూత మీద 0.9 అని అంకె ఉంటుంది. అంత ఒత్తిడి వచ్చేదాకా నీళ్లని ఆపి ఉంచడం దాని పని. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు, కూలెంట్ కలిస్తే ఇంకా పైకి. ఒత్తిడి ఆగకపోతే ఉత్త నీళ్లయితే 100 దగ్గరే మరుగుతాయి. ఊళ్లో తిరిగితే అంత వేడి రాదు కాబట్టి నాకు తెలియలేదు. చల్లారాక మూతలోని రెండో చిన్న వాల్వ్ తెరుచుకుని బాటిల్లోది వెనక్కి పీల్చుకోవాలి. మూత దగ్గర ఎక్కడైనా గాలి దూరితే పీల్చే బలం ఉండదు. అందుకే బాటిల్ నిండుతూ ఉంది, రేడియేటర్ ఎండుతూ ఉంది. గాస్కెట్ పోయినా ఇలాగే కనిపిస్తుంది. అసలు సంగతి తెలియకుండా హెడ్ దించినవాళ్లు ఎందరున్నారో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెద్దాయన గుండ్రటి చెక్కముక్కకి సన్న ఎమిరీ కాగితం చుట్టి, తడిచేసి, అరగంట సేపు మెల్లగా తిప్పాడు. ట్యూబుల్లోకి పొడి పడకుండా ముందే కింద గుడ్డ దోపాడు. మధ్యమధ్య నాచేతే గోరు పెట్టించి చూశాడు. కొత్త మూత వేసి మళ్లీ పంపు కొట్టాడు. ముల్లు కదల్లేదు. ఐదు నిమిషాలు అలాగే చూస్తూ నిలబడ్డాను. మూతకి 120, పనికి 150 తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఈ రోజుకి మూడున్నరేళ్లు. మొత్తం కలిపి 26 వేల కిలోమీటర్లు తిరిగాను. పైనుంచి పోయడమన్నది లేదు. బాటిల్లో మట్టం గీత ఎక్కడుందో అక్కడే ఉంది. వేడెక్కితే కాస్త పెరుగుతుంది, తెల్లారేసరికి మళ్లీ గీత దగ్గరికొస్తుంది. రోజూ పొద్దున బానెట్ ఎత్తి అది చూడడం నాకు ఒక తృప్తి. కూలెంట్ సగం, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ సగం, రెండేళ్లకోసారి మారుస్తున్నాను. బోరు నీళ్లు ఒక్క చెంబు కూడా పోయలేదు.

అయితే మొదట అన్నంత బ్రహ్మాండం కాదని కూడా చెప్పాలి. మే నెలలో మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని నిలబడితే ముల్లు సగానికి పైన రెండు గీతలు ఎక్కుతుంది. పాత రాగిది కొత్తగా ఉన్నప్పుడు అంత ఎక్కిన గుర్తు లేదు. కింద ఎడమ పక్క కాలు రబ్బరు బుష్షులో వదులుగా కూర్చుంది, సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టాల్సి వచ్చింది. ఫిన్నులు రేకులాంటివి. వాటర్ సర్వీసింగ్‌లో కుర్రాడు గొట్టం దగ్గరగా పెడితే జానెడు మేర వంగిపోయాయి, కూర్చుని దువ్వెన పళ్లతో ఒక్కొక్కటీ లేపాను. ఇంకా ముఖ్యమైనది, ప్లాస్టిక్ ట్యాంకు కోర్‌కి మడతపెట్టి నొక్కినచోట ఈమధ్య కుడి మూల పచ్చగా ఎండిన మరక కనిపిస్తోంది. రాగిదైతే 200 రూపాయల టంకంతో పోయేది. ఇక్కడ లోపలి రబ్బరు గట్టిపడితే చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు, మార్చుకోవడమే.

కొనమంటారా అంటే, నా తిరుగుడు చూసుకుని చెప్పాలి. నాది రోజుకి పదిహేను ఇరవై కిలోమీటర్లు, ఊళ్లోనే. ఏడాదికి రెండు మూడు దూర ప్రయాణాలు. ఇంటికి దగ్గర్లో ఆటోనగర్ ఉంది, ఆ పెద్దాయన ఉన్నాడు. ఇవన్నీ ఉన్నవాడికి 1,850 సరిపోయింది. రోజూ హైవే ఎక్కేవాళ్లకి, బండి ఆగితే దగ్గర్లో చేసే మనిషి లేనివాళ్లకి, ఆ రెండు వేలు ఎక్కువ పెట్టి కంపెనీ డబ్బాదే తీసుకోమంటాను. పాత బండి బాగా నడుపుకోవాలనే పట్టుదల ఉండి, మంచి టంకం పనివాడు తెలిసి ఉంటే రాగి కోర్ వేయించుకోండి. డబ్బు కుదిరి ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

పోయిన నెల తమ్ముడి మారుతి జెన్‌కి రేడియేటర్ కావాల్సి వచ్చింది. అదే షాపు, అదే పేరున్న డబ్బాలు. మూడు విప్పించాను. మొదటిదాంట్లో గోరు రెండుచోట్ల ఆగింది. రెండోదాంట్లో గీత లేదు కానీ అంచు ఒకపక్క పల్లంగా ఉంది. మూడోది అద్దంలా తిరిగింది. అది తీసుకుని, దాంతోపాటు 0.9 మూత కొత్తది కొని, బిగించేముందు పెద్దాయన దగ్గర పంపు కొట్టించాం. తమ్ముడు ఇప్పటికి వెయ్యి కిలోమీటర్లు తిప్పాడు. బాటిల్లో మట్టం ఎంతుందో ఆదివారం ఆదివారం ఫోన్ చేసి కనుక్కుంటున్నాను.