అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు: ఆరేళ్ల వాడకం తర్వాత సమీక్ష

హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ గ్రూపుకు అడ్మిన్‌గా ఆరేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. కబురు చేరవేయడానికి వాట్సాప్ గ్రూపుకు సాటి లేదు. మాట తూలకుండా తగవు తేల్చుకోవడానికి మాత్రం అది బొత్తిగా చాలదు. నీళ్లు, పార్కింగు, కుక్కలు, మెయింటెనెన్స్ బాకీలు అన్నీ ఒకే వరుసలో వచ్చి పడతాయి. పొద్దున ఆరింటికి ఎవరో అడిగిన ప్రశ్న పెళ్లిరోజు శుభాకాంక్షల కింద పడి కనపడకుండా పోతుంది. అడిగినవాళ్లకు అది నిర్లక్ష్యంలా తోస్తుంది. రెండోసారి అడిగేటప్పటికి గొంతు మారుతుంది. పైగా బ్లూ టిక్కులు ఆపుకునే సెట్టింగ్ గ్రూపులకు వర్తించదు. ఎవరు చదివారో పంపినవాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి "చదివి కూడా పలకలేదు" అన్న నింద తప్పదు.

ఇక భాష సంగతి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు తొందరలో మొదట రాలిపోయేది "అండి". "చూడండి" అనబోయింది "చూడు" అవుతుంది, అరవై ఏళ్ల మనిషికి అది గుచ్చుకుంటుంది. కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెబితే "అండి" దానంతటదే వస్తుంది, ఈ ఒక్క అలవాటుతో నొప్పించడం చాలా తగ్గుతుంది. "గారు" విషయం ఇంకా సున్నితం. మామూలు రోజున పేరు పక్కన గారు లేకపోతే తప్పు. గొడవ రోజున వాక్యానికొక గారు తగిలిస్తే అది ఎత్తిపొడుపు. మొదట ఒక్కసారి చాలు.

అన్నిటికన్నా చేటు చేసే మాట "కొందరు". "కొందరు కారు అడ్డంగా పెడుతున్నారు, అర్థమయ్యేవాళ్లకు అర్థమవుతుంది" అని రాసేవాళ్లు పేరు ఎత్తలేదు కాబట్టి మర్యాదగానే రాశామనుకుంటారు. ఆ "కొందరు" ఎవరో అందరికీ తెలుసు, తెలియనివాళ్లు కూపీ తీస్తారు. సంబంధం లేని మరో ఇద్దరు తమనే అన్నారని నొచ్చుకుంటారు. ఇలాంటిది గ్రూపులో పెట్టకుండా ఆ ఫ్లాటువాళ్లకు ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే వాళ్లకు విడిగా రాయాలి: ఏ స్లాటు, ఎన్ని గంటలకు, కారు ఎక్కడికి జరిపితే సరిపోతుంది.

"ఎందుకు"తో మొదలైన ప్రశ్నకు సంజాయిషీ వస్తుంది, "ఎప్పుడు"తో మొదలైనదానికి సమాధానం వస్తుంది. "నీళ్లు ఎందుకు రావట్లేదు?" అంటే సెక్రటరీ తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడతారు. "ట్యాంకర్ ఎన్నింటికి వస్తుంది?" అంటే ఒక టైము చెప్పి ఊరుకుంటారు.

నీళ్ల గొడవను చల్లార్చేది లెక్క. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. 40 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు అనుకుంటే రోజుకు 21,600 లీటర్లు. 10,000 లీటర్ల ట్యాంకర్ అందులో సగానికి కూడా రాదు. ఈ లెక్క ఒకసారి గ్రూపులో పెట్టి, ఎప్పుడూ పైనే కనపడేలా పిన్ చేస్తే "మూడో అంతస్తువాళ్లే నీళ్లన్నీ వాడేస్తున్నారు" అనే మాటకు ఊతం పోతుంది. పిన్ 24 గంటలకు, 7 రోజులకు లేదా 30 రోజులకు పెట్టుకోవచ్చు, వేసవిలో 30 పెట్టండి. నీళ్లు తక్కువైన రోజు కబురు ఇలా ఉంటే చాలు: "సంపులో 2 అడుగుల నీళ్లున్నాయి. ట్యాంకర్ 9 గంటలకు. 7 నుంచి 9 దాకా మోటారు ఆపుతాం. దయచేసి ఈలోపు బకెట్లు నింపుకోండి."

నోరు జారితే దిద్దుకోవడానికి ఎడిట్ ఉంది, కానీ గడువు 15 నిమిషాలే. అందరికీ కనపడకుండా డిలీట్ చేయడానికి రెండు రోజుల పైచిలుకు ఉంటుంది. డిలీట్ చేసినచోట దాని గుర్తు మిగులుతుంది, ఏం రాసి తీసేశారోనన్న అనుమానం అసలు మాటకన్నా పెద్దదవుతుంది. మాట కటువైతే ఎడిట్ చేయండి. అంకె తప్పయితే, అప్పటికే జవాబులు వచ్చి ఉంటే, ఎడిట్ జోలికి పోకుండా "పైన రాసింది తప్పు, సరైనది ఇది" అని కొత్తగా పెట్టండి. పాత మాట ఏమిటో ఎవరికీ కనపడదు కాబట్టి, మార్చేస్తే ముందు జవాబిచ్చినవాళ్లు వెర్రివాళ్లలా కనిపిస్తారు.

పోల్ మీద మొదట్లో చాలా ఆశ ఉండేది. 12 ఆప్షన్ల దాకా ఇస్తుంది, కానీ ఎవరు దేనికి ఓటేశారో అందరికీ పేర్లతో కనిపిస్తుంది. సెక్రటరీ మాటకు ఎదురు ఓటేయడానికి అద్దెకుండేవాళ్లు, పెద్దవాళ్లు జంకుతారు. పెయింటు రంగుకైతే బాగుంటుంది. కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకని అందరూ కలిసి దాచే నిధి) లాంటి డబ్బు సంగతులకు పనికిరాదు, అవి జనరల్ బాడీలో తేల్చి మినిట్స్ పుస్తకంలో రాయాల్సినవి. టెలిగ్రామ్‌లో పేర్లు కనపడని పోల్ ఉంది, ఒక మనిషి వరసబెట్టి పంపకుండా కొన్ని సెకన్ల నుంచి గంట దాకా ఆపే స్లో మోడ్ కూడా ఉంది. ఈ విషయంలో అదే మేలు, కానీ పెద్దవాళ్లను అక్కడికి తీసుకురావడం చాలా కష్టం.

అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపు మూసే వీలుంది. గొడవ మధ్యలో మూస్తే నోరు నొక్కినట్టే. "సాయంత్రం 6కి మెట్ల దగ్గర కూర్చుందాం, అప్పటిదాకా మూస్తున్నాం" అని రాసి, చెప్పిన టైముకు తెరవాలి. ఇంకొకటి: బాకీల జాబితాను గ్రూపులో ఎన్నడూ పెట్టొద్దు. "3 నెలలు, నెలకు 3,500 చొప్పున 10,500, 10వ తేదీలోపు" అని విడివిడిగా పంపితే డబ్బు వస్తుంది, పలకరింపూ మిగులుతుంది.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకునే మనిషి మీద పడే బరువును ఏ సెట్టింగూ తగ్గించదు. అరిచినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. ఓపిగ్గా రాసినవాళ్లకే "మీరు పెద్దమనిషి, మీరే సర్దుకోండి" అని వస్తుంది. విడిగా ఫోన్ చేసి "మీరు చెప్పిందే నిజం" అనేవాళ్లు గ్రూపులో పెదవి విప్పరు. వాళ్లను మొహమాటం లేకుండా అడగాలి: ఆ మెసేజ్ మీద కనీసం ఒక బొటనవేలి గుర్తు పెట్టండి అని. అలాంటి గుర్తులు నాలుగైదు పడితే ఎదుటివారి జోరు చాలాసార్లు తగ్గుతుంది.

విసిగి గ్రూపు వదిలేవాళ్లు ఉంటారు. వెళ్లినట్టు అప్పటికప్పుడు తెలిసేది అడ్మిన్లకే, కానీ వెళ్లినవాళ్ల పేర్లు 60 రోజుల దాకా సభ్యులందరూ చూడొచ్చు. కాబట్టి పుకారు పుట్టకముందే, అదే రోజు ఫోన్ చేయండి, తిరిగి రమ్మని బతిమాలొద్దు. ట్యాంకర్ వచ్చే టైము, లిఫ్ట్ రిపేరు రోజు వాళ్ల నంబరుకు విడిగా పంపుతూ ఉండండి.