ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ రివ్యూ: దశమి నాడు ఐదు స్టార్లు, పౌర్ణమి నాడు రెండు

డాబ్సోనియన్ అంటే చేత్తో తిప్పే బేస్ మీద కూర్చునే అద్దం టెలిస్కోప్. ముందే చెప్పేస్తున్నా, గెలాక్సీలు నెబ్యులాలు చూద్దామని కొనేవాళ్లకి ఈ రివ్యూ పనికిరాదు. మేముండేది హైదరాబాద్‌లో, ఇక్కడ అర్ధరాత్రి కూడా ఆకాశం నల్లబడదు, ఆండ్రోమెడా గెలాక్సీ మీద పెట్టినా ఓ మసక మచ్చ కనిపిస్తుందంతే. చందమామకి మాత్రం సిటీ లైట్లు అడ్డం కాదు. అందుకే ఈ స్కోప్‌ని చందమామ మీద ఒకే ఒక్క క్రేటర్ (రాయి గుద్ది పడిన గుంట) మీద పెట్టి చూశా, కోపర్నికస్ అని. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ సైజు డాబ్సోనియన్లలో చాలావాటి లెక్క ఒకటే, 150 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, డబ్బాలో 25 ఎంఎం, 10 ఎంఎం ఐపీసులు, అంటే కన్ను పెట్టి చూసే లెన్సులు. ధర నలభై వేల చిల్లర పడింది.

కోపర్నికసే ఎందుకంటే ఒక పెద్ద క్రేటర్‌కి ఏమేం ఉండాలో అన్నీ దానికున్నాయి, పైగా చందమామ ముఖం మధ్యకి దగ్గర్లో ఉంది కాబట్టి అంచుల్లో ఉన్నవాటిలా నొక్కుకుపోయి కోలగా కనపడదు. వెడల్పు 93 కిలోమీటర్లు, లోతు 3.8. క్రేటర్ అనగానే మనం గిన్నె అనుకుంటాం కదా, చిన్నవి నిజంగా గిన్నెలే, వెడల్పులో ఐదో వంతు దాకా లోతుంటాయి, కానీ వెడల్పు పదిహేను ఇరవై కిలోమీటర్లు దాటిందంటే కథ మారిపోతుంది, కోపర్నికస్ లోతు దాని వెడల్పులో ఇరవై ఐదో వంతు, అంటే అది గిన్నె కాదు, అంచున్న పళ్లెం. రాయి వచ్చి గుద్దినప్పుడు ముందు లోతైన గుంటే పడుతుంది, కానీ అంత పెద్ద గుంట నిలబడదు, గోడలు వాటి బరువుకి అవే జారి మెట్లు మెట్లుగా కూర్చుంటాయి, నడుమ కిందకి అణిగిన రాయి తిరిగి పైకి లేచి కొండలవుతుంది. ఇదంతా నిమిషాల్లో అయిపోయే పని.

ఇక స్కోప్‌లో ఏం కనిపిస్తుందో చెప్తా. 25 ఎంఎం పెడితే 48 రెట్లు (1200ని 25తో భాగిస్తే వచ్చేది), చందమామ మొత్తం ఒకేసారి పడుతుంది, కోపర్నికస్ గుండ్రంగా చిన్నగా ఉంటుంది, పిల్లలకి చూపించడానికి ఇది చాలు. 10 ఎంఎం పెడితే 120 రెట్లు, ఇక్కడే డబ్బులు వసూలైపోతాయి, మామూలు కంటికి చందమామ మొత్తం ఎంతుంటుందో అంతకి మూడింతల పైన ఈ ఒక్క క్రేటరే కనిపిస్తుంది. లోపలి గోడ మెట్లు లెక్కపెట్టాలనిపించేంత క్లియర్‌గా ఉన్నాయి. అంచు గుండ్రం కాదు, కాస్త ఆరు పలకలుగా ఉందని తెలిసిపోతుంది. నేల మీద మూడు కొండలు దాదాపు ఒక వరసలో, ఎత్తు 1.2 కిలోమీటర్ల దాకా ఉంటాయి, ఆ కొండల్లో ఆలివిన్ అనే ఖనిజం ఉందని 1980లలోనే కనిపెట్టారు, అంటే లోపలి నుంచి పైకొచ్చిన రాయి అన్నమాట. నేల ఉత్తరం సగం నున్నగా, దక్షిణం సగం గుట్టలు గుట్టలుగా ఉంటుంది, గాలి నిలకడగా ఉన్న రాత్రి ఈ తేడా కూడా తెలిసింది. అద్దాలతో పనిచేసే న్యూటోనియన్ రకం కాబట్టి బొమ్మ తలకిందులుగా వస్తుంది, మ్యాప్ తిప్పి పట్టుకుని చూసుకోవాలి, రెండు రోజుల్లో అలవాటైపోద్ది.

అసలు పాయింట్ ఏంటంటే ఎప్పుడు చూడాలి అనేది. డబ్బా మీద పున్నమి చంద్రుడి ఫొటో వేసి అమ్ముతారు, నా మటుక్కి అది తప్పుదారి పట్టించడమే. క్రేటర్ లోతు మనకి తెలిసేది నీడల వల్ల, పౌర్ణమి నాడు ఎండ నేరుగా మీద పడుతుంది, నీడలుండవు. కోపర్నికస్ ఆ రోజు ఓ తెల్ల మచ్చ, చుట్టూ తెల్ల చారలు (రాయి గుద్దినప్పుడు చిమ్మిన మట్టి), గోడా మెట్టూ ఏమీ లేవు. శుక్ల పక్షం దశమి అటూఇటూగా చూడండి, అప్పుడే అక్కడ సూర్యోదయం అవుతుంది, ముందు అంచు వెలుగుతుంది, లోపలంతా నల్లగా ఉంటుంది, తర్వాత నడిమి కొండలకి ఎండ తగులుతుంది, ఓ గంట ఆగి చూస్తే నీడ జరిగిందని మీకే తెలుస్తుంది. దానికి ముందు రోజు, నవమి నాడు పక్కనే ఉన్న ఎరటోస్తనీస్ వంతు, 58 కిలోమీటర్లది, అదీ అదిరిపోతుంది, కానీ పౌర్ణమికి వెతికినా దొరకడం కష్టం. నిద్ర మానుకునే ఓపిక ఉంటే బహుళ దశమి తెల్లవారుజామున అవతలి వైపు ఎండలో మళ్లీ చూడొచ్చు.

అలాగని పౌర్ణమికి మరీ సున్నా మార్కులు వేయలేను, చారలకి అదే మంచి రోజు. కోపర్నికస్ చారలు దాదాపు 800 కిలోమీటర్ల దాకా పోతాయి, 1969లో అపోలో 12 అలాంటి ఒక చార మీదే దిగింది, అక్కడి నుంచి తెచ్చిన మట్టిని బట్టి ఈ క్రేటర్‌కి ఎనభై కోట్ల ఏళ్లని అంచనా వేశారు. చందమామ లెక్కల్లో ఇది కుర్రది, అందుకే చారలింకా మాసిపోలేదు. 25 ఎంఎం, వెలుగు తగ్గించే మూన్ ఫిల్టర్ పెట్టుకుని చూడండి, లేకపోతే కన్ను జిగేల్‌మంటుంది.

తిట్టాల్సినవి కూడా ఉన్నాయి. డబ్బా తీసేసరికి అద్దాల అలైన్‌మెంట్ తప్పి ఉంది, సరిచేసుకోవడం కొత్తవాళ్లకి ఓ సాయంత్రం పని, మాన్యువల్‌లో దాని గురించి రెండు ముక్కలు కూడా లేవు. 10 ఎంఎం ఐపీస్‌కి కన్ను బాగా ఆనించాలి, కళ్లద్దాలుంటే నరకం. మోటార్ లేదు, 120 రెట్ల దగ్గర ఒకటిన్నర నిమిషంలో క్రేటర్ బయటికి జారిపోతుంది, చేత్తో నెడుతూనే ఉండాలి, చందమామ నడినెత్తిన ఉంటే ఈ బేస్ తిప్పడం ఇంకా చిరాకు. దశమి చంద్రుడు మనకి సాయంత్రం ఏడూ ఎనిమిదికి ఆ ఎత్తులోనే ఉంటాడు, పైగా ఆ టైంకి పగలంతా కాగిన మేడ స్లాబ్ వేడి కక్కుతుంటుంది, బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది. పది దాటాక చూడండి, రెండు బాధలూ తగ్గుతాయి. లిఫ్ట్ లేని బిల్డింగ్ అయితే ట్యూబూ బేసూ విడివిడిగా ఎక్కించుకోండి.

చూపిస్తానని పిలిస్తే మా వాళ్లందరూ అడిగేది ఒక్కటే, మన చంద్రయాన్ 3 కనిపిస్తుందా అని. కనపడదు బాబూ. ఈ అద్దంతో, గాలి బాగా సహకరిస్తే, రెండు కిలోమీటర్ల క్రేటర్ కనిపించడమే గొప్ప, విక్రమ్ ల్యాండర్ రెండు మీటర్లు. దక్షిణం వైపు అంచు దగ్గర, 69 డిగ్రీల అక్షాంశం చోటు చూపించి అదిగో ఆ చుట్టుపక్కలే అని చెప్పొచ్చు, ఆ మాటకే సంబరపడతారు.

చందమామ కోసమే అయితే కళ్లు మూసుకుని కొనండి, గ్రహాలు బోనస్. డబ్బులు మిగిలితే ముందు ఓ మూన్ ఫిల్టరూ, కళ్లద్దాలతో కూడా చూడగలిగే 9 ఎంఎం ఐపీసూ తీసుకోండి, షాపువాళ్లు అంటగట్టే, రెట్లని రెండింతలు చేసే బార్లో లెన్స్ ఇప్పుడే వద్దు, 10 ఎంఎంతో వచ్చే 240 రెట్లకి మన మేడల మీద గాలి నిలకడగా ఉండే రాత్రులు తక్కువ.