పేరుకే లినక్స్ సపోర్ట్: ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు సాఫ్ట్‌వేర్

వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి దారి), సెక్యూరిటీ ఏజెంట్ (ల్యాప్‌టాప్‌కి కాపలా కాసే సాఫ్ట్‌వేర్), మీటింగ్ యాప్. ఆఫీసు పనికి ఉబుంటు వాడేవాళ్లకు తలనొప్పంతా ఈ మూడింటితోనే. ఉబుంటు 22.04 వెర్షన్ మీద, తర్వాత 24.04 మీద రోజూ వాడాక తేలింది ఇది: వెండర్లు చెప్పే 'లినక్స్ సపోర్ట్' చాలావరకు సర్వర్లకే.

ఎక్కువ ఏడిపించేది సెక్యూరిటీ ఏజెంట్. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) మాడ్యూల్‌తో నడిచే ఏజెంట్ అయితే వెండర్ పరీక్షించిన కెర్నల్ మీదే పనిచేస్తుంది. 22.04 సర్వర్ మామూలుగా 5.15 కెర్నల్ మీదే ఉంటుంది. అదే 22.04 డెస్క్‌టాప్‌లో హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చేది) దానంతటదే మారుతూ 6.8 దాకా వెళ్లింది. కాగితం మీద రెండూ '22.04'యే! అప్‌డేట్ అయిన మర్నాడు ఏజెంట్ లోడ్ కాదు, ల్యాప్‌టాప్ భద్రంగా లేదని వీపీఎన్ గేటు వేసేస్తుంది. కెర్నల్‌ని హోల్డ్‌లో పెట్టేస్తే భద్రతా ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయి, ఆ పని చేయొద్దు. బదులుగా 5.15 కెర్నల్ ఇచ్చే లినక్స్-జెనెరిక్ ప్యాకేజీ వేసి, కొత్త కెర్నళ్లను లాక్కొచ్చే హెచ్‌డబ్ల్యూఈ మెటాప్యాకేజీని, 6 సిరీస్ కెర్నళ్లను తీసేయాలి. అవి ఉంటే బూట్ చేసే గ్రబ్ కొత్తదాన్నే ఎత్తుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్ అయితే పాత కెర్నల్‌కి వైఫై దొరక్కపోవచ్చు, ముందే చూసుకోండి.

వీపీఎన్ తెగ్గానే ఇంటర్నెట్ పోయిందంటే తప్పు డీఎన్ఎస్‌ది (సైట్ పేర్లను అడ్రసులుగా మార్చేది). కొన్ని క్లయింట్లు ఈటీసీలోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ సిమ్‌లింక్‌ని (వేరే ఫైల్‌కి దారి చూపేది) చెరిపి మామూలు ఫైల్ పెడతాయి, కనెక్షన్ తెగేటప్పుడు పాతది తిరిగి పెట్టవు. ఉబుంటులో డీఎన్ఎస్ పని చూసే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ స్టబ్ ఫైల్‌కి మళ్లీ లింక్ కడితే సరి. ఐటీవాళ్లు ఒప్పుకుంటే ఓపెన్‌కనెక్ట్ అనే ఓపెన్ సోర్స్ వీపీఎన్ క్లయింట్ మేలు: ఎనీకనెక్ట్, గ్లోబల్‌ప్రొటెక్ట్, పల్స్, ఫోర్టినెట్ ప్రోటోకాల్స్ అన్నీ దానికి తెలుసు.

మీటింగుల సంగతికొస్తే, టీమ్స్ లినక్స్ డెస్క్‌టాప్ యాప్‌ని మైక్రోసాఫ్ట్ 2022 డిసెంబర్‌లో ఆపేసింది. ఇప్పుడున్నది బ్రౌజర్ యాప్, ఫర్వాలేదు. స్క్రీన్ షేర్ నల్లగా వస్తే లాగిన్ దగ్గర గేర్ గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ జార్గ్' (పాత డిస్‌ప్లే పద్ధతి) ఎంచుకోండి.

24.04లో కొత్త పేచీ ఒకటి. ఎలక్ట్రాన్‌తో (బ్రౌజర్ ఇంజిన్ మీద యాప్‌లు కట్టే సాధనం) కట్టిన కొన్ని యాప్‌లు క్లిక్ చేస్తే ఉలకవు, పలకవు. టెర్మినల్‌లో నడిపితే శాండ్‌బాక్స్ (యాప్‌ని విడిగా కట్టడి చేసే రక్షణ) ఎర్రర్ కనిపిస్తుంది. ఆ శాండ్‌బాక్స్‌కి కావలసిన యూజర్ నేమ్‌స్పేస్‌లను (యూజర్‌ఎన్ఎస్) ఉబుంటు భద్రతా వ్యవస్థ ఆప్‌ఆర్మర్ అడ్డుకోవడమే కారణం. 'నో-శాండ్‌బాక్స్' పెట్టి, అంటే ఆ రక్షణ తీసేసి నడపమంటాడు సపోర్ట్ ఇంజినీరు. భద్రత కోసం కొన్న సాఫ్ట్‌వేర్‌కి ఇదీ వైద్యం! ఆ యాప్ ఒక్కదానికే యూజర్‌ఎన్ఎస్ అనుమతి ఇస్తూ ఆప్‌ఆర్మర్ ప్రొఫైల్ రాసి రీలోడ్ చేస్తే చాలు, నాలుగైదు లైన్ల పని.