టోర్నమెంటులో ఏ హాపర్ మేలు? గ్రావిటీ, మోటారు, ఫోర్స్‌ఫీడ్ లోడర్లు నిబంధనల దృష్టిలో

రంగు నిండిన బంతులను గన్‌తో కాల్చుకునే పెయింట్‌బాల్ ఆటలో, టోర్నమెంటుకు తొలిసారి పేరిచ్చే జట్టులో ఎవరో ఒకరికి ఈ అనుమానం రాక మానదు: సెకనుకు ఇరవై బంతులు అందించగల లోడర్‌ను (గన్‌కు బంతులు అందించే డబ్బా, దీన్నే హాపర్ అంటారు) గన్ మీద పెడితే రిఫరీ పక్కకు తీసేయమంటాడా? నిబంధన దేనికి వర్తిస్తుందో తెలిస్తే ఈ అనుమానం సగం తీరుతుంది. అమెరికాలోని ఎన్‌ఎక్స్‌ఎల్ (నేషనల్ ఎక్స్‌బాల్ లీగ్) పోటీల్లో సెకనుకు 10.2 బంతులకు మించి కాల్చరాదన్న హద్దు గన్‌కు వర్తిస్తుంది గాని దాని నెత్తిన కూర్చున్న హాపర్‌కు కాదు. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి తిప్పినంత మేరకే నీళ్లు వస్తాయి. ఇక్కడ ఆ కుళాయి గన్ బోర్డులోని సాఫ్ట్‌వేర్. అందుకే రిఫరీ బంతి వేగాన్నీ, షాటుకూ షాటుకూ మధ్య ఎడాన్నీ కొలుస్తాడు గాని, హాపర్ మూత తీసి దాని మోటారు ఎంత వేగంగా తిరుగుతుందో చూడడు.

ఈ మూడు రకాల్లో గ్రావిటీ హాపర్ అన్నిటికన్నా పాతది, చవకైనది. అందులో మోటారు లేదు, బ్యాటరీ లేదు. బంతి తన బరువుతో తానే నెక్‌లోకి, అంటే హాపర్‌ను గన్‌కు కలిపే గొట్టంలోకి, జారుతుంది. అయితే లెక్క వేసి చూస్తే దాని పరిమితి వెంటనే తెలుస్తుంది. 0.68 క్యాలిబర్ బంతి వ్యాసం దాదాపు 17.3 మిల్లీమీటర్లు. అంత దూరం నిశ్చల స్థితి నుంచి స్వేచ్ఛగా పడడానికి దానికి సుమారు 59 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 10.2 షాట్లంటే ఒక్కో బంతికి 98 మిల్లీసెకన్లు దక్కుతాయి. మిగిలిన 39లోనే బోల్టు (బంతిని బ్యారెల్‌లోకి తోసే కడ్డీ) ముందుకు వెళ్లి వెనక్కి రావాలి, నెక్ గోడల రాపిడిని బంతి తట్టుకోవాలి. కాగితం మీద ఇది సాధ్యమే అనిపిస్తుంది గాని, మైదానంలో రెండు మూడు బంతులు ఒకదానికొకటి ఆనుకుని నెక్ పైన కమానులా నిలిచిపోగానే ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు ఆటగాడు గన్‌ను కుదపాలి, కుదిపితే గురి చెదురుతుంది. 2000 దశకం మధ్యలో పీఎస్‌పీ అనే మరో అమెరికన్ లీగ్ పోటీలు సెకనుకు 15 బంతుల దాకా అనుమతించిన రోజుల్లో ఒక్కో బంతికి మిగిలింది 67 మిల్లీసెకన్లే. బంతిని బలవంతంగా కిందికి నెట్టే ఫోర్స్‌ఫీడ్ లోడర్లు అంత గిరాకీతో ఎందుకు అమ్ముడుపోయాయో ఈ ఒక్క అంకె చెబుతుంది.

గ్రావిటీకీ ఫోర్స్‌ఫీడ్‌కీ మధ్యలో నిలిచేది మోటారుతో కలియబెట్టే రకం. వ్యూలోడర్ కంపెనీ రెవల్యూషన్ హాపర్ ఈ రకానికి మంచి ఉదాహరణ. నెక్‌లోని కాంతికిరణానికి అడ్డంగా బంతి లేదని తెలియగానే చిన్న రెక్కల చక్రం గిర్రున తిరిగి బంతులను కదిలిస్తుంది. ఇది బంతుల కమానును విడగొడుతుంది గాని బంతిని కిందికి నెట్టదు. చివరి పని భూమ్యాకర్షణదే. గరాటులో నిలిచిపోయిన బియ్యాన్ని గరిటెతో కలిపితే కొంత కిందికి జారినట్టు, అంతే. పూర్వం ఏంజెల్ అనే ఎలక్ట్రానిక్ గన్ నుంచి ఈ హాపర్‌కు తీగ కలిపి, షాటు పేలిన క్షణంలోనే మోటారు తిరిగేలా కూడా చేశారు. నేటి ఎలక్ట్రానిక్ విభాగాల్లో దీన్ని పెట్టుకోవడానికి నిబంధన అడ్డు రాదు, కాని కొత్తగా కొనేవారికి నేను సిఫారసు చేయను.

ఫోర్స్‌ఫీడ్ విషయం వేరు. హేలో లోడర్‌లో బంతులను తోసే కోన్‌ను స్ప్రింగు బిగించి ఉంచుతుంది. మోటారు ఆ స్ప్రింగును చుడుతుంది, స్ప్రింగు బంతుల వరుసను నిరంతరం కిందికి ఒత్తుతూ ఉంటుంది. అందువల్ల బోల్టు వెనక్కి జరిగిన మరుక్షణమే తర్వాతి బంతి లోపలికి దిగుతుంది. తర్వాత వచ్చిన డై రోటర్ ఇదే పనిని మరో అమరికతో చేస్తుంది, పైగా పనిముట్లు లేకుండానే విడదీసి కడుక్కోవచ్చు. దీని దోషం కూడా ఆ ఒత్తిడిలోనే ఉంది. టోర్నమెంటు బంతుల జెలటిన్ పెంకు పలచన. గాలిలో తేమ ఎక్కువైతే అవి ఉబ్బి మెత్తబడతాయి. అటువంటి బంతిని స్ప్రింగు నెక్‌లో నొక్కితే హాపర్‌లోనే పగిలి, రంగు కోన్ పళ్లలోకి దిగి, ఆ పాయింటు ముగిసేదాకా బంతి ముందుకు కదలదు. విశాఖలోనో కాకినాడలోనో వర్షాకాలంలో ఆడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఎయిర్‌గన్ డిజైన్స్ వారి వార్ప్‌ఫీడ్‌ను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది గొట్టం ద్వారా పక్కనుంచి గన్‌లోకి బంతులు పంపుతుంది. దాని అసలు లాభం వేగం కాదు, ఎత్తు. టోర్నమెంటులో హాపర్‌కు తగిలిన బంతి ఒంటికి తగిలిన దానితో సమానం. అది పగిలి రంగు అంటితే ఆటగాడు బయటికి వెళ్లాల్సిందే. బంకర్ (మైదానంలో ఆటగాడు చాటుకు వాడే అడ్డు) అంచు మీదుగా తల కన్నా ముందు ఎదుటివారికి కనబడేది హాపరే కాబట్టి, దాన్ని కిందికి దించడం తెలివైన ఆలోచన. అయినా గన్ పక్కన బరువు వేలాడడం వల్ల చేతులు మార్చి కాల్చేవారికి అది ఇబ్బంది, అందుకే నేడు దాన్ని చూడడం అరుదు.

హాపర్ రకం నిజంగా నిబంధన అయ్యేది ఇతర విభాగాల్లో. 1981 జూన్‌లో న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ అడవిలో పన్నెండు మంది నెల్‌స్పాట్ గన్‌లతో ఆడిన తొలి ఆట పద్ధతికి దగ్గరగా ఉండే స్టాక్ క్లాస్‌లో హాపర్‌కే చోటు లేదు: బ్యారెల్‌కు సమాంతరంగా ఉన్న గొట్టంలో పది పన్నెండు బంతులు, 12 గ్రాముల గ్యాస్ గుళిక, ప్రతి షాటుకూ చేత్తో పంపు. అక్కడికి రోటర్ తీసుకెళ్తే వెనక్కి పంపుతారు. పంపు గన్‌ల, ఎలక్ట్రానిక్ బోర్డు లేని మెకానికల్ గన్‌ల పోటీలు నిర్వహించేవారిలో కొందరు గ్రావిటీ హాపర్‌నే కోరతారు, కొందరు లోడర్‌ను ఆటగాడి ఇష్టానికే వదిలేస్తారు. కనుక డబ్బు కట్టేముందు ఆ ఏడాది నిబంధనల పుస్తకంలో పరికరాల అధ్యాయం చదవడం మేలు.

ఎలక్ట్రానిక్ విభాగానికైతే నా ఓటు సందేహం లేకుండా ఫోర్స్‌ఫీడ్‌కే. సెకనుకు 10.2 చొప్పున ఆపకుండా కాలిస్తే రెండు వందల బంతుల హాపర్ ఇరవై సెకన్లలో ఖాళీ అవుతుంది, ఆ ఇరవై సెకన్లూ గన్ కుదపకుండా గడవాలి. మెకానికల్ గన్‌లలో ఎక్కువ భాగానికి బ్రీచ్‌లో, అంటే బోల్టు ముందు బంతి కూర్చునే గదిలో, బంతి దిగిందో లేదో చూసే కన్ను (సెన్సర్) ఉండదు కనుక వాటికీ ఇదే వర్తిస్తుంది: సగం దిగిన బంతిని బోల్టు కోసేస్తే బ్యారెల్ నిండా రంగే. కాకపోతే సంచిలో ఒక చవక గ్రావిటీ హాపర్‌ను కూడా పడేసుకోండి. కొత్త బ్యాటరీలు వేశామనుకున్న రోజే మోటారు మూలుగుతూ ఆగిపోవడం, అదీ జట్టును మైదానంలోకి పిలిచాక జరగడం నాకు ఒకసారి అనుభవం.